కూరగిన్నె నుంచి సూదిమందు దాకా

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీద ఒక శిలీంధ్రం ఉంది. సుబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్ అంటారు. మురుగునీటిని శుద్ధి చేసే వడపోత పడకల్లో పెరిగే ఆ బూజుకు 1953లో హెసెల్‌టైన్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టి, 1948 ఆగస్టులో అమెరికాలో కన్నుమూసిన ఈ మనిషికి నోబెల్ బహుమతి రాలేదని మనవాళ్ళు ఏటా బాధపడతారు. నాకు ఆ బాధ లేదు. మురికిలో ఉండి మురికిని తినేసే జీవికి ఆయన పేరు పెట్టడం నాకు బహుమతి కంటే నచ్చింది.

ఇంకో సంగతి. సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన లెడర్లీ మందుల సంస్థలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధుడు పనిచేశాడు. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్బై దాటిన వయసులో అక్కడ చేరాడు. మట్టి నమూనాలు పరీక్షించి 1948లో ఆరియోమైసిన్‌ను లోకానికి చూపించింది ఆయనే. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో అది మొదటిది. అంతకు చాలా ముందు, 1905లో, అమెరికా వ్యవసాయ శాఖ తరఫున డగ్గర్ చేసిన పని పుట్టగొడుగు విత్తనం తయారీ గురించి. 1915లో పుట్టగొడుగుల పెంపకం మీద పుస్తకమే రాశాడు. అంటే సుబ్బారావు ప్రయోగశాలలోకి పుట్టగొడుగుల మనిషి ఒకడు ముందే వచ్చి కూర్చున్నాడన్నమాట. కాబట్టి ఈ వేదిక మీద పుట్టగొడుగుల గురించి, వాటిలోని ప్రోటీన్ల గురించి, క్యాన్సర్ గురించి మాట్లాడితే నిర్వాహకులు నన్ను తప్పుపట్టరనుకుంటాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మన ఈ మూడు జిల్లాల సంగతి ముందు చెప్పుకుందాం. తొలకరి తర్వాత ఉరుములు ఉరిమి ఎండ కాస్తే మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం వైపు, భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ అడవుల వైపు చెదపుట్టల మీద పుట్టకొక్కులు లేస్తాయి. కోయలు, నాయకపోడులు, లంబాడీలు తెల్లవారకముందే వెళ్ళి ఏరుకొస్తారు. కొన్ని ఇంటికి, కొన్ని రోడ్డు పక్క అమ్మకానికి. జనగామ వైపు అడవి తక్కువ, వరి ఎక్కువ. అక్కడ మాట్లాడుకోవలసింది గడ్డి గురించి. హార్వెస్టర్ కోసి వదిలిన వరిగడ్డిని పొలంలోనే తగలబెడుతున్న ఊళ్ళు చాలా ఉన్నాయి. వరిగడ్డి పుట్టగొడుగుకూ, ముత్యపుచిప్ప పుట్టగొడుగుకూ ఆ గడ్డే మేత. మన దేశంలో వరిగడ్డి పుట్టగొడుగును మొదట 1940ల తొలినాళ్ళలో కోయంబత్తూరులో పెంచారు. ముత్యపుచిప్పను 1962లో మైసూరు ఆహార పరిశోధన సంస్థలో జకియా బానో, శ్రీవాస్తవ పెంచి చూపించారు. పట్నం అంగళ్ళలో ప్లాస్టిక్ డబ్బాల్లో దొరికే తెల్ల బటన్ పుట్టగొడుగు మూడోది. పుట్టకొక్కు రుచి ఎరిగిన నాలుకకు అది తడిసిన దూదిలా ఉంటుందని నా అభిప్రాయం. దాన్ని శాస్త్రంగా తీసుకోకండి.

ఈ నాలుగింటి చుట్టూ ఇప్పుడు ఒక మాట తిరుగుతోంది. పుట్టగొడుగు తింటే క్యాన్సర్ రాదని, వచ్చినా తగ్గుతుందని. పొడులు, గుళికలు, టీ పొట్లాలు ఊళ్ళ దాకా వచ్చాయి. ఈ మాట పూర్తిగా గాలికబురైతే ఇంత పెద్ద సభలో దాని గురించి మాట్లాడే పనే లేదు. వెనక కొంత నిజం ఉంది కాబట్టే అది ప్రమాదకరం.

నిజం ఏమిటో చూద్దాం. మన కణాల ఉపరితలం మీద ప్రోటీన్లకు అతుక్కుని చక్కెర గొలుసులు ఉంటాయి. గడప ముందు ముగ్గు చూసి ఇల్లు గుర్తుపట్టినట్టు శరీరం ఆ గొలుసుల అమరికను చూసి కణాన్ని గుర్తుపడుతుంది. చాలా క్యాన్సర్ కణాల్లో ఈ ముగ్గు సగంలో ఆగిపోతుంది. మామూలు కణంలో పై గొలుసుల కింద దాగి ఉండే ఒక చిన్న చక్కెర జంట అక్కడ బయటపడి కనిపిస్తుంది. దాన్ని థామ్సెన్–ఫ్రీడెన్‌రైక్ యాంటిజెన్ అంటారు. లెక్టిన్లు అనే ప్రోటీన్లకు చక్కెరలను పట్టుకునే గుణం ఉంది. బటన్ పుట్టగొడుగులోని లెక్టిన్ సరిగ్గా ఈ బయటపడ్డ జంటను పట్టుకుంటుంది.

1993లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో రోడ్స్, యూ బృందం ఆ లెక్టిన్‌ను పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద, రొమ్ము క్యాన్సర్ కణాల మీద వేసి చూసింది. కణాల పెరుగుదల ఆగింది. కణాలు చావలేదు, ఆగాయంతే. లెక్టిన్‌ను కడిగేస్తే మళ్ళీ పెరగడం మొదలుపెట్టాయి. ఎందుకు ఆగాయో ఆ బృందమే 1999లో కొంత వివరించింది. ఈ లెక్టిన్ కణం లోపలికి వెళ్ళి, కేంద్రకంలోకి ప్రోటీన్లు వెళ్ళే దారుల్లో ఒకదాన్ని మూసేస్తుంది. విభజనకు కావలసిన సరుకు లోపలికి చేరదు, కణం పని ఆపుతుంది. ఎంత చక్కటి పరిశోధన! దీన్ని ఉటంకిస్తూ పొడి అమ్మేవాళ్ళు మాత్రం తిరిగి పెరిగాయన్న సంగతిని ఎప్పుడూ రాయరు.

ఇంకో ముక్క కూడా వాళ్ళు రాయరు. అదే చక్కెర జంటను పట్టుకునే లెక్టిన్ మరొకటి ఉంది, మన పల్లికాయలో. దాన్ని అవే పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వేస్తే అవి ఆగవు, మరింత పెరుగుతాయి. ఒకే గొళ్ళేన్ని రెండు చేతులు పట్టుకుంటే ఒకటి తలుపు మూసింది, ఒకటి తెరిచింది. పల్లీలు మానెయ్యమని నేను చెప్పడం లేదు, దయచేసి రేపు ఆ మాట నాకు అంటగట్టకండి. ప్రయోగశాల గాజుపళ్ళెంలో కనిపించిన ఫలితాన్ని వంటింటికి తెచ్చేముందు ఎన్ని అడ్డుప్రశ్నలు వెయ్యాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండో రకం ప్రోటీన్లు రోగనిరోధక వ్యవస్థను కదిలించేవి. 1989లో జపాన్ శాస్త్రవేత్తలు గానోడెర్మా అనే, చెట్టు మీద పెరిగే గట్టి పుట్టగొడుగు నుంచి ఎల్‌జెడ్-8 అనే చిన్న ప్రోటీన్‌ను వేరుచేశారు. 110 అమైనో ఆమ్లాలు, అంతే. మన శరీరంలోని యాంటీబాడీలో ఒక భాగానికి దాని నిర్మాణంతో పోలిక ఉంది. తెల్లరక్తకణాల్లో లింఫోసైట్లను అది విభజనకు పురిగొల్పుతుంది. అదే కుటుంబానికి చెందిన ప్రోటీన్ 1997లో వరిగడ్డి పుట్టగొడుగులో కూడా దొరికింది. గానోడెర్మా తినే వస్తువు కాదు, చెక్కలా ఉంటుంది. వరిగడ్డి పుట్టగొడుగు మాత్రం కూర.

ఆ వరిగడ్డి పుట్టగొడుగు దగ్గర కాసేపు ఆగుతాను. ఒక్క ఆ చిన్న గొడుగులో ఎన్ని రకాల ప్రోటీన్లు ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇప్పుడు చెప్పిన రోగనిరోధక ప్రోటీన్ ఒకటి. చక్కెరలను పట్టే లెక్టిన్ ఒకటి. వాల్వారిన్ అనేది మరొకటి: కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్‌ను చెడగొట్టి కణం పనిని ఆపేస్తుంది. ఆముదపు గింజలోని రిసిన్ చేసే పని ఇదే జాతిది. నాలుగోది వాల్వటాక్సిన్. కణం పొరకు చిల్లులు పొడిచే ప్రోటీన్, గుండె కండరానికి విషం. వండుకుని తినే మనకు దానితో పేచీ లేదు. తరతరాలుగా ఆగ్నేయాసియా అంతటా తింటున్నారు. ఆ విషం సంగతి భయపెట్టడానికి చెప్పలేదు. క్యాన్సర్ కణాన్ని చంపగల ప్రోటీన్ మామూలు కణాన్నీ చంపగలదా లేదా అన్నది ఈ శాస్త్రంలో అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెతక్కుండా ‘క్యాన్సర్ కణాలు చచ్చాయి’ అని రాసే పరిశోధనా పత్రం నా దృష్టిలో సగం పత్రమే. పళ్ళెంలో ఉప్పు ఎక్కువ వేసినా క్యాన్సర్ కణాలు చస్తాయి.

ముత్యపుచిప్ప పుట్టగొడుగు లెక్టిన్ గురించి ఒక మాట. 2000లో వాంగ్, గావో, ఎన్‌జీ అనే పరిశోధకులు దాన్ని కణితులున్న ఎలుకల మీద పరీక్షించారు. కణితుల పెరుగుదల బాగా తగ్గింది. ఎలుకలకు దాన్ని తినిపించలేదు, శుద్ధిచేసి సూదితో ఎక్కించారు. నా ఉపన్యాసం పేరులో సూదిమందు ఉన్నది అందుకే.

ఇక పుట్టకొక్కు. దీని కథ వేరు. చెదలు పుట్ట లోపల తోట వేసుకుంటాయి. నమిలి తెచ్చిన ఆకుఅలముల మీద టెర్మిటోమైసెస్ అనే శిలీంధ్రాన్ని పెంచి, దాన్నే తింటాయి. వానలకు అది పుట్ట చీల్చుకుని పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. చెదలు లేకుండా ఆ గొడుగును తోటలో పెంచడం ఇప్పటికీ మనిషికి చేతకాలేదు, అందుకే అది అడవి దాటి అంగడికి పెద్దగా రాలేదు. కానీ గొడుగు రాకపోయినా దాని దారాలను ప్రయోగశాలలో సీసాలోని ద్రవంలో పెంచవచ్చు. కోల్‌కతాలోని భారతీయ రసాయన జీవశాస్త్ర సంస్థలో సుమన్ ఖోవాలా బృందం ఆ పనే చేసింది. టెర్మిటోమైసెస్ క్లైపియేటస్ నుంచి ఏకేపీ అనే ఒక ఎంజైమ్‌ను వేరుచేసి, అది కాలేయ క్యాన్సర్ కణాలు తమంతట తాము చచ్చిపోయేలా చేస్తోందని 2016లో ప్రచురించింది. మన పుట్టల మీది గొడుగుకు అది దగ్గరి బంధువు. ఇది గాజుపళ్ళెం దశ దాటలేదు. అయినా నాకు ఆశ పుట్టించినది ఇదే. విదేశీ గానోడెర్మా పొడి డబ్బా కంటే గంగారం పుట్ట మీద ఎక్కువ శాస్త్రం ఉండొచ్చు.

మరి ఇంత ఉండి మందు ఎందుకు రాలేదు? ప్రోటీన్ కాబట్టి. పుట్టగొడుగు కూరను ఉడికిస్తాం, నూనెలో వేయిస్తాం. వేడికి చాలా ప్రోటీన్లు తమ ఆకారం కోల్పోతాయి, ఆకారం పోతే పని పోతుంది. వేడిని తట్టుకున్నవి కడుపులో ఆమ్లానికీ, పేగుల్లో ఎంజైములకూ ఎదురవుతాయి. చివరికి మిగిలేది అమైనో ఆమ్లాలు. పప్పు తిన్నా అవే, గుడ్డు తిన్నా అవే. ఇక్కడ నిజాయతీగా ఒక మినహాయింపు చెప్పాలి. 1998లో అదే లివర్‌పూల్ బృందం పల్లీలు తిన్న మనుషుల రక్తంలో పల్లి లెక్టిన్‌ను చెక్కుచెదరకుండా చూసింది. అంటే కొన్ని మొండి ప్రోటీన్లు కొద్దిమొత్తంలో గడప దాటుతాయి. ఆ కొద్దిమొత్తం మందుగా పనికొస్తుందా, ఎంత తింటే ఎంత చేరుతుంది, ఎవరిలో ఎంత, అన్నవి కొలిచి చెప్పాల్సిన విషయాలు. కొలతలేని మందు మందు కాదు.

సరే, సూదితో ఎక్కిద్దాం అంటే శరీరం ఊరుకోదు. పరాయి ప్రోటీన్‌ను చూడగానే దాని మీద దాడికి దిగుతుంది. 1960లో అమెరికాలో పెద్ద బంతి పుట్టగొడుగు నుంచి కాల్వాసిన్ అనే పదార్థాన్ని కణితుల మందుగా ప్రకటించారు. ఎలుకల్లో ఆశ పుట్టించింది, తర్వాతి పరీక్షల్లో విషప్రభావాలు బయటపడి మూలకు చేరింది. అలాగని ప్రోటీన్ మందు అసాధ్యం కాదు. 1953లో జాన్ కిడ్ గినీపంది రక్తరసం కొన్ని కణితులను కరిగిస్తోందని గమనించాడు. అందులో పనిచేసేది ఆస్పరాజినేజ్ అనే ఎంజైమ్ అని 1961లో బ్రూమ్ సూచించాడు. బాక్టీరియా నుంచి తీసిన ఆ ఎంజైమ్‌కు అమెరికాలో అనుమతి 1978లో వచ్చింది. మొదటి గమనిక నుంచి 25 ఏళ్ళు. అలర్జీ బాధ ఇప్పటికీ ఉంది, దాన్ని తగ్గించే మార్పులు చేస్తూనే ఉన్నారు. అయినా లుకేమియా పిల్లలకు అది ఇస్తున్నారు, బతుకుతున్నారు. అదే చికిత్సలో ఆ పిల్లలు తీసుకునే మరో మందు మెథోట్రెక్సేట్. అది సుబ్బారావు బృందం నుంచి వచ్చింది.

ఆ కథను ఈ సభలో క్లుప్తంగానైనా చెప్పకుండా ఉండలేను. సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. విటమిన్ కదా, రక్తం పెంచుతుంది కదా అని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాని రూపాలను లుకేమియా రోగులకు ఇచ్చి చూశాడు. రోగం తగ్గకపోగా వేగం పుంజుకుందని ఆయనకు అనిపించింది. బలమిచ్చే పదార్థం క్యాన్సర్‌కూ బలమిస్తుంది. రోగనిరోధక శక్తి పెంచుతుందని కళ్ళు మూసుకుని పొడి మింగేవాళ్ళు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు. లింఫోసైట్లను పెంచే ప్రోటీన్‌ను లింఫోసైట్లకే క్యాన్సర్ వచ్చినవాడికి ఇవ్వవచ్చా? ఎవరూ పరీక్షించకుండా ఇవ్వకూడదు. ఫార్బర్ ఎదురుదారి పట్టాడు. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే పదార్థాలు కావాలని అడిగాడు, లెడర్లీ నుంచి అమినాప్టెరిన్ వచ్చింది. 1948 జూన్‌లో ఆయన ప్రచురించిన వ్యాసంలో 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో మెరుగు కనిపించిందని ఉంది. ఆ ఉపశమనం తాత్కాలికమేనని శీర్షికలోనే రాశాడు. రెండు నెలలకే సుబ్బారావు పోయారు.

ఆ పద్ధతిని గమనించండి. పదార్థం ఏమిటో తెలుసు, దాని నిర్మాణం తెలుసు, మోతాదు తెలుసు, ఎంతమందికి ఇచ్చారో తెలుసు, ఎంతమందికి పనిచేయలేదో కూడా తెలుసు. పుట్టగొడుగుల వైపు నుంచి ఇంతవరకు ఆ పద్ధతికి దగ్గరగా వెళ్ళింది జపాన్‌లో పీఎస్‌కే. చెట్ల మీద రంగురంగుల విసనకర్రల్లా పెరిగే ట్రామెటెస్ నుంచి తీసిన చక్కెర–ప్రోటీన్ సమ్మేళనం. 1977లో అక్కడ అనుమతి పొందింది. 1994లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరీక్షలో జీర్ణాశయ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్న 262 మంది పాల్గొన్నారు. కీమోతో పాటు పీఎస్‌కే తీసుకున్నవాళ్ళలో ఐదేళ్ళు బతికినవాళ్ళు 73 శాతం, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ళలో 60 శాతం. మంచి తేడానే. శస్త్రచికిత్స చేశాక, కీమోతో పాటు, అని మరోసారి చదువుకోండి. కీమో మానేసి కాదు.

విద్యార్థులారా, మన మూడు జిల్లాల్లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. మల్యాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వరంగల్లులో 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. వైద్య కళాశాలల గురించి పదేళ్ళ కింద ఈ మాట అనే వీలు లేదు. వీటిని కలిపితే పని చేయొచ్చు. ముందు కావలసింది పట్టిక. ఏ అడవిలో, ఏ నెలలో, ఏ చెట్టు కింద, ఏ పుట్ట మీద ఏ గొడుగు లేస్తుందో, దాన్ని ఆ ఊరివాళ్ళు ఏమంటారో, ఏది తింటారో, ఏది కుక్కగొడుగని వదిలేస్తారో రాయాలి. నమూనా ఎండబెట్టి భద్రపరచాలి, డీఎన్‌ఏతో పేరు ఖాయం చేయాలి. పేరు తేలని పుట్టగొడుగు మీద చేసిన క్యాన్సర్ పరిశోధన రెండోసారి ఎవరూ చేసి చూడలేరు. పేరు తేలకపోతే ప్రాణమూ పోతుంది. వరిగడ్డి పుట్టగొడుగనుకుని మృత్యుగొడుగు అమానిటాను తిని చనిపోయిన వలసకుటుంబాల కథలు అమెరికా, ఆస్ట్రేలియాల వైద్య పత్రికల్లో ఉన్నాయి.

తర్వాత ప్రయోగం. ప్రోటీన్‌ను బాక్టీరియాలో తయారుచేసుకుంటే బాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్ చిటికెడు కలిసినా రోగనిరోధక కణాలు రెచ్చిపోతాయి. ఆ ఘనత పుట్టగొడుగుదని మనం రాసుకుంటాం. దాన్ని తొలగించి, తొలగించామని చూపాలి. క్యాన్సర్ కణాల పక్కన మామూలు కణాలనూ పెట్టాలి. పనిచేయని ఫలితాన్నీ అచ్చువేయాలి. ఇవి ఖర్చుతో కూడినవి కావు, ఓపికతో కూడినవి.

అడవి తెలిసిన కోయ అమ్మ, నాయకపోడు పెద్దాయన ఇచ్చిన సమాచారంతో ఏదైనా మందు పుడితే అందులో వాళ్ళ వాటా ఉండాలి. 2002 జీవవైవిధ్య చట్టం ఆ హక్కు ఇచ్చింది, పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలంది. చాలా చోట్ల అవి కాగితం మీదే ఉన్నాయి. నమూనా తీసుకునేముందు ఆ కమిటీని కూర్చోబెట్టడం పరిశోధకుడి పని, తర్వాత ఎవరో చూసుకుంటారని వదిలేయకూడదు.

పుట్టగొడుగు మంచి ఆహారం. తాజాదాంట్లో పదింట తొమ్మిది వంతులు నీళ్ళు, నూరు గ్రాములకు మూడు గ్రాముల చుట్టూ ప్రోటీన్, కొవ్వు నామమాత్రం. మాంసం కొనలేని ఇంట్లో ముత్యపుచిప్ప బెడ్ నాలుగు పెట్టుకుంటే కూరకు కూర, చేతికి నాలుగు రూపాయలు. ఆ వరకు ఎవరేం చెప్పినా నమ్మండి.

ఆ తర్వాతి మాట రోగులకూ, వాళ్ళ ఇంటివాళ్ళకూ. జనగామ నుంచో, మహబూబాబాద్ నుంచో రైలెక్కి, భూపాలపల్లి నుంచి బస్సు పట్టుకుని హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తున్నవాళ్ళు మనలో ఉన్నారు. పుట్టగొడుగు కూర తినండి, బాగా ఉడికించి తినండి. పొడులు, గుళికలు ఏవైనా వాడుతుంటే దాచకండి, డబ్బా చేతపట్టుకుని వెళ్ళి డాక్టరుకు చూపించండి. కీమో ఇచ్చిన తేదీని మాత్రం ఏ పొడి కోసమూ తప్పకండి.